చీవాట్లు లేని మూడు రోజులు

మా నిఘంటువు ఆఫీసులో నేను చేరిన మొదటి రోజే, నేను మాట రాసిచ్చిన కార్డుని ఆమె నా బల్ల మీదికి విసిరింది. మాటకి అర్థం రాసి, వాడుక చూపించే వాక్యం రాయడం మర్చిపోయాను. సగం గడ్డం గీసుకుని వచ్చినట్టుంది అంది. తొందరలో నా గడ్డం కూడా ఆ రోజు అలాగే ఉంది.

ఆమె ప్రూఫ్ రీడర్. ప్రధాన సంపాదకుడి కూతురు. గాజు తలుపుకి అవతల ఆయన, ఇవతల మేమిద్దరం. ఆలస్యంగా వస్తే ఒకసారి, కార్డు మీద టీ ఒలికితే ఇంకోసారి, రెండు పూటలా నాకు చీవాట్ల వడ్డన తప్పేది కాదు. చిత్రమేమిటంటే, ఆదివారాలు నాకు ఏమీ తోచేది కాదు.

'చ' అక్షరంలో 'చీవాట్లు' నా వంతుకి వచ్చింది. కటువుగా మందలించడం అని అర్థం రాశాను. వాడుక దగ్గర కలం ఆగలేదు: 'ఆమె చీవాట్లు పెట్టని రోజు నాకు తెల్లారినట్టే ఉండదు.' తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాను. సోమవారం కార్డు కట్టతో పాటు అదీ ఆమె బల్ల మీదికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆమె నన్ను 'మీరు' అనడం మొదలుపెట్టింది. అరగంట ఆలస్యంగా వెళ్తే "పర్వాలేదండీ" అంది. నా గుండె జారిపోయింది. మూడు రోజులు చూశాను. ఆమె నాకిక దక్కదని తేలిపోయింది. ఎదురుగా కూర్చోలేక, వేరే విభాగానికి మార్చమని దరఖాస్తు రాసి, వాళ్ల నాన్నగారికి అందజేయమని ఆమెకే ఇచ్చాను.

చదివింది. ముఖం ఎర్రబడింది.

"బుద్ధుందా నీకు? ఏం జవాబు చెప్పాలో తెలీక మూడు రోజుల్నించి నాకు తిండి సయించట్లేదు. నువ్వు తాపీగా వేరే గదికి పోతానంటావా? అంత రాసినవాడివి, నోరు తెరిచి ఒక్క మాట అడగలేవూ?"

జ్వరం దిగినట్టయింది నాకు. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

"నవ్వకు. అసలు అర్థమే సగం రాశావు. పరాయివాళ్లకి ఎవరూ చీవాట్లు పెట్టరు, మర్యాదగా చెప్పి ఊరుకుంటారు. మనవాళ్లు అనుకుంటేనే పెడతారు."

"మరి ఈ మూడు రోజులూ?"

"సిగ్గేసింది."

గాజు తలుపు తెరుచుకుంది. సంపాదకుడి చేతిలో నా కార్డు ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"ఇది సోమవారమే చూశాను," అన్నారాయన నాతో. తర్వాత కూతురి వైపు తిరిగారు. "సాయంత్రం అబ్బాయిని ఇంటికి రమ్మనమ్మా. ఆలస్యంగా రావడం గురించి నేనూ నాలుగు చీవాట్లు పెట్టాలి."

ఆ సాయంత్రం కావాలనే పావుగంట ఆలస్యంగా వెళ్లాను.