నాలా గోడ కాడి లైటు

అశోక్‌నగర్‌లో ఒక గల్లీ చివర లైటు నిలవదు. ఆ చుట్టుపక్కల వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

గల్లీ పొడుగు ఎంతో ఏం లేదు. మొదట్లో కిరాణా కొట్టు, తర్వాత ఏడెనిమిది ఇళ్ళు, ఇంకాస్త ముందుకు పోతే రేకుల గుడిసెలు, చిట్టచివర మురుగునీళ్ళు పారే నాలా. నాలాకు అడ్డంగా నడుమెత్తు గోడ. గోడ పక్కన కరెంటు స్తంభం. దానికి బల్బు పెడితే రెండు రోజులు వెలుగుతుంది, మహా అయితే మూడు... ఒక పొద్దున చూస్తే కింద గాజు పెంకులు.

చిక్కడపల్లిలో సినిమా చూసి రూములకు నడిచిపోయే చదువుల పిల్లలు మొదట్లో ఆ దారినే పోయేవాళ్ళు. తర్వాత మానుకున్నారు. ఆటోవాళ్ళు గల్లీ మొగదల్లోనే దింపేసి, ఇంక ముందుకు రాం అనేవాళ్ళు. పాలు పోసే మనిషి ఒకనాడు సైకిలు అక్కడే పడేసి ఉరికాడట.

గోడ మీద ఒక ఆడమనిషి కూచుని ఉంటుందట. నెత్తి నిండా కొంగు. నాలా వైపే చూస్తూ ఉంటుందట. ఎవరన్నా పిలిస్తే మెల్లగా తిరుగుతుంది... తిరిగితే కొంగు లోపల మొహం ఉండదట.

ఎవరిని అడిగినా, నేను కాదు, ఇంకెవరో చూశారనే చెప్పేవాళ్ళు. అయినా భయం భయమే కదా.

తొంభై ఆరో సంవత్సరం. వార్డు కమిటీ మీటింగు నెలకు రెండుసార్లు, గురువారం నాడు, నారాయణగూడ మార్కెట్ దగ్గర ఒక మేడ మీది గదిలో జరిగేది. మోరీలు నిండటం, వేళగాని వేళ నల్లా నీళ్ళు రావటం, వీధికుక్కలు, చెత్తకుండీ మా గేటు ముందు వద్దంటే మా గేటు ముందు వద్దనే పంచాయితీలు. ఇవన్నీ మీటింగు పుస్తకంలో రాసేది కిషన్ రావు. యాభై ఆరేళ్ళ మనిషి. గుండ్రటి దస్తూరి. ఒక్క కొట్టివేత కనపడనియ్యడు.

ఆ గురువారం ఎనిమిదో అంశం, గల్లీ చివరి లైటు.

"ఇదేంది కిషన్ రావు గారు, నాలుగోసారి?" అన్నాడు ప్రెసిడెంటు ఇంద్రసేన.

"ఐదోసారి సార్."

"లైట్ల మనిషి ఏమంటుండు?"

"ఇంకొక్కసారి పెడ్త, అది గూడ పగటి పూటనే, అంటుండు. పొద్దుగూకినంక నన్ను అటు పంపకుండ్రి అంటుండు."

గదిలో నవ్వారు. కిషన్ రావు నవ్వలేదు.

"మీ ఇల్లు పక్క గల్లీలనే గద," అన్నాడు ఇంద్రసేన. "రేపు కొత్త బల్బు పెట్టిస్త. రాత్రి మీరే జర పోయి చూసి రాండ్రి. పోకిరి పోరగాండ్లయితే పోలీసులకు చెప్దాం."

కిషన్ రావు తలూపాడు. ఆయనకు దెయ్యాల భయం లేదు. కానీ ఏడాదిన్నరగా ఆయన ఆ గల్లీలో అడుగు పెట్టలేదు. పక్క గల్లీలోనే ఉండి కూడా, చుట్టు తిరిగి పోయేవాడు.

శివరాత్రి వెళ్ళి రెండు రోజులు. రాత్రి తొమ్మిది దాటింది. టార్చి తీసుకుని చెప్పులు వేసుకుంటుంటే భార్య మనోరమ వాకిట్లోకి వచ్చింది.

"పొద్దున పోతే కాదా?"

"పొద్దున లైటుతోటి ఏం పని?"

ఆమె ఒక నిమ్మకాయ తెచ్చి ఆయన చొక్కా జేబులో వేసి లోపలికి పోయింది.

కిరాణా కొట్టు మూసి ఉంది. గల్లీలో అలికిడి లేదు. దూరంగా చివర్లో కొత్త బల్బు వెలుగుతూ కనపడింది. ఆ వెలుగును చూసుకుంటూ నడుస్తున్నాడే గానీ, ఆయన మనసు నడుస్తున్నది వేరే దారిలో...

అప్పుడు అక్కడ గోడ లేదు.

ఈదయ్య అని గోడలు కట్టే సుతారి. పాలమూరు వైపు నుంచి వచ్చి ఆ గుడిసెల్లో ఉండేవాడు. ఎండాకాలంలో ఒక గురువారం మేడ మెట్లెక్కి వచ్చాడు. గడప అవతలే నిలబడితే కిషన్ రావే పిలిచి కుర్చీ చూపించాడు.

"సార్, గల్లీ చివర నాలాకు అడ్డం లేదు. వానొస్తే రోడ్డేదో నాలా ఏదో తెలుస్తలేదు. పిల్లలు ఆడనే ఆడ్తరు. ఇటుకలు, సిమెంటు ఇప్పియ్యిండ్రి. కూలి వద్దు. ఒక ఆదివారం నేనే కట్టేస్త."

ఆ గోడ వార్డు కిందికి వస్తుందా, నాలా చూసుకునే వాళ్ళ కిందికి వస్తుందా, అది తేలాలన్నారు. వాయిదా. రెండోసారి వచ్చాడు. సభ్యులు చాలినంత మంది రాలేదు. వాయిదా. మూడోసారి వచ్చాడు. ప్రెసిడెంటు ఏదో పెళ్ళికి పోయాడు. 'తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది' అని కిషన్ రావు మూడుసార్లూ గుండ్రంగా రాశాడు.

ఆగస్టులో వాన పడింది. మామూలు వాన కాదు. సాయంత్రమే కరెంటు పోయింది. ఈదయ్య పని నుంచి ఇంకా రాలేదు. నాయన తడుస్తడు అని, ఆరేళ్ళ బిడ్డ భాను, ఇంట్లో ఉన్న ఒక్క గొడుగు తీసుకుని ఎదురు పోయింది. రోడ్డూ నాలా ఒక్కటైపోయి ఉన్నాయి...

రెండు రోజుల తర్వాత, రెండు మైళ్ళ కింద దొరికింది.

ఆ తర్వాత గోడకు ఏ కాగితమూ అడ్డం రాలేదు. పది రోజుల్లో ఇటుకలు దిగాయి. పనికి వచ్చిన సుతారి చేతిలోంచి తాపీ తీసుకుని ఈదయ్యే గోడ కట్టాడు. మూడు రోజులు. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి కనపడలేదు. ఊరికి పోయాడని కొందరు, బొంబాయి పోయాడని కొందరు.

కిషన్ రావు ఆ గోడ చూడనేలేదు.

గుడిసెలు దాటాడు. ఇంకో ఇరవై అడుగులు...

టప్.

చీకటి. గాజు పెంకులు నేల మీద చిట్లిన చప్పుడు. ఆ తర్వాత నాలా నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

కిషన్ రావు ఆగిపోయాడు. కళ్ళు చీకటికి అలవాటు పడుతున్న కొద్దీ గోడ గీత కనపడింది. గోడ మీద... ఒక ఆకారం. నెత్తి నిండా కొంగు. నాలా వైపే చూస్తూ.

టార్చి చేతిలోనే ఉంది. మీట మీద బొటనవేలు పెట్టాడే గానీ నొక్కలేదు.

ఆకారం కదిలింది. మెల్లగా ఇటు తిరిగింది...

"ఎవలు?"

సన్నటి గొంతు. అలిసిపోయిన గొంతు.

కిషన్ రావు టార్చి వేశాడు. మొదట పాదాలే చూశాడు. ముందుకే ఉన్నాయి. పగిలిన మడమలు, సిమెంటు అంటిన వేళ్ళు. మెల్లగా పైకి ఎత్తాడు. ఒళ్ళో నాలుగైదు కంకర రాళ్ళు. కొంగు కింద మొహం... ముప్పై ఏళ్ళుంటాయేమో, నలభై ఐదులా ఉంది.

అంతకు ముందు ఒక్కసారే చూశాడు ఆ మొహాన్ని. రెండు మైళ్ళ కింద, నాలా ఒడ్డున, జనం మధ్య. ఈదయ్య భార్య మాసమ్మ.

"ఎలుగు తీసెయ్యిండ్రి సార్," అన్నది.

టార్చి ఆర్పేశాడు.

"అన్నిసార్లూ... నువ్వేనా అమ్మా?"

"నేనే సార్."

"ఎందుకు?"

"ఎలుగుంటె రారంట గద సార్, పోయినోళ్ళు. మా ఊర్ల అంటరు." ఆమె గొంతు గుసగుసకు దిగింది. "దీపం పెట్టిన తావుకు రారంట. మీరేమో ఇన్నొద్దులు లేంది, అది పోయినంక లైటు తెచ్చి పెట్టిన్రి. ఎట్లొస్తది మరి?"



"రోజూ వస్తవా?"

"పని కాడికెళ్ళి వచ్చి, ఇంత బువ్వ తిని వస్త. కొన్నిసార్లు తెల్లారెదాక ఉంట." ఒళ్ళోని రాళ్ళను చేత్తో కదిపింది. "ఈ గల్లీల దయ్యముందని అందరంటరు సార్. గా రూముల పిల్లలు చూసిన్రంట. పాలాయన చూసిండంట. అందరికి కనవడ్తది... నాకే కనవడది. నా మీద కోపం గావచ్చు. ఆనాడు నేను బయటికి పోనిచ్చిన గద."

వాళ్ళు చూసింది నిన్నేనమ్మా. మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అది అనేస్తే ఈ మనిషికి ఇంక ఏం మిగులుతుంది? ఆయన ఆ మాట మింగేశాడు. దాని కింద దాచుకున్న ఇంకో మాట మాత్రం ఆగలేదు.

"ఆ వాయిదాలు రాసింది నేనే, మాసమ్మా."

"ఎరుకే సార్. ఆయన చెప్పిండు. రాసేటి సారు మంచోడే, నన్ను కుర్సీల కూసోమన్నడు, అన్నడు."

కిషన్ రావు చీకట్లోనే తల వంచుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే నయంగా ఉండేది.

మాసమ్మ గోడ దిగింది. ఒళ్ళోని రాళ్ళు కింద పోసింది. "ఇయ్యాల రాదు. మనుషుల అలికిడైంది," అని నాలుగడుగులు వేసి ఆగింది. "సార్... మీరు అందరి నోట ఇంటరు గద. ఎవలకన్న కనవడ్డదంటే, జర నాకు చెప్పుండ్రి. ఎట్లున్నదో అంతే. ఇంకేం అడగ."

చెప్తానన్నాడు. ఆమె గుడిసె వైపు వెళ్ళిపోయింది. రేకు తలుపు తీసిన చప్పుడు వినపడింది.

ఆయన వెంటనే పోలేకపోయాడు. ఎదురుగా గోడ. ఏడాదిన్నరగా చూడకుండా తప్పించుకున్న గోడ. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడాలనిపించింది. టార్చి వెయ్యలేదు. వెలుగు వద్దన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. చెయ్యి ముందుకు చాచి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు...

"గటు పోకు తాతా."

వెనక నుంచి. చాలా కింది నుంచి, ఆయన నడుము ఎత్తు కూడా లేని చోటి నుంచి.

"గాడ గోడ లేదు."

మెల్లగా, పెద్దవాళ్ళకు దారి చెప్పే పిల్లలు చెప్పినట్టు, ఓపికగా చెప్పిన మాట.

కిషన్ రావు వెనక్కి తిరిగాడు. టార్చి వేశాడు. గల్లీ మొదటి దాకా ఖాళీ. మూసిన తలుపులు. ఒక కుక్క కూడా లేదు.

ఆయనకు వణుకు పుట్టలేదట. తర్వాత ఎవరు అడిగినా అదే చెప్పేవాడు. భయం వేయలేదు, గుండెలో ఏదో పుటుక్కుమన్నట్టు అయింది, అనేవాడు. టార్చి ఆర్పేసి, ఆ చీకట్లోనే మోకాళ్ళ మీద కూచున్నాడు.

"ఉంది బిడ్డా," అన్నాడు. "గోడ కట్టిన్రు. మీ నాయనే కట్టిండు."

నాలా నీళ్ళు పోతూనే ఉన్నాయి.

ఎంతసేపు అలా ఉన్నాడో ఆయనకే తెలియదు. లేచి, గుడిసెల ముందుకు వచ్చేసరికి మాసమ్మ మళ్ళీ బయటికి వచ్చి గడప మీద కూచుని ఉంది. లోపల దీపం లేదు. చెప్పాలా వద్దా అని ఆయన కాసేపు తటపటాయించాడు. తన పాపభయమే ఆ గొంతై వినపడిందేమో. ముసలితనమేమో. కానీ మాట ఇచ్చాడు.

విన్నది విన్నట్టు చెప్పాడు. ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తీయలేదు.

మాసమ్మ ఏడవలేదు. కొంగు చివర రెండు చేతులతో పట్టుకుని, వింటూ కూచుంది. ఆయన చెప్పటం అయిపోయాక కూడా ఇంకా వింటున్నట్టే ఉంది. తర్వాత తలెత్తి, చాలా మెల్లగా అడిగింది.

"గొంతు బొంగురు వొయ్యున్నదా సార్? అంత వానల తడిసె గద..."

కిషన్ రావు ఆమె పక్కనే, మట్టిలో కూలబడ్డాడు.

"లేదమ్మా," అన్నాడు. "మంచిగనే ఉన్నది."