పాటిగడ్డ మీద గాలిపటం

కామరాజు మాటిచ్చాడు... పాటిగడ్డ జోలికి రానని!

ఇప్పుడు వాడి జీపే వెనక తరుముతోంది.

పొద్దు పొడిచి గంట కాలేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటింది స్కూటర్. నడుపుతున్నది చిన్నరాములు... ఫ్యాక్టరీ షిఫ్టుకీ పొలానికీ మధ్య నలిగే మనిషి. వెనక ఫోటో స్టూడియో సాదుల్లా. ఒళ్లో చిరిగిన గాలిపటం. దానికి కట్టి ఎగరేసిన డిజిటల్ కెమెరా.

"ఇది స్కూటరా అన్నా, ఎడ్లబండా?"

"నువ్వు దిగితే ఉరుకుతది."

పాటిగడ్డ... పాత ఊరు మట్టిలో కలిసిపోయిన దిబ్బ. కామరాజు దాన్ని చదును చేసి ప్లాట్లు వేస్తున్నాడు. వాటికి రోడ్డు చిన్నరాములు పొలంలోంచే!

పురావస్తు ఆఫీసరు ఒక్కటే అన్నాడు. "కింద గోడలున్నట్టు పైనుంచి ఫోటో తెండి. పని ఆపిస్తా."

ధన్!

జీపు గుద్దింది. స్కూటర్ బోల్తా. సాదుల్లా మోకాలు చీరుకుపోయింది. కెమెరా... పగల్లేదు.

"చెరుకు తోటలకు ఉరుకు!" అరిచాడు చిన్నరాములు.

ఉరికారు. జీపు గట్టు దగ్గర ఆగిపోయింది.

సంగారెడ్డి. గెస్ట్‌హౌస్. ఆఫీసరు లాప్‌టాప్‌లో ఫోటో తెరిచాడు.

పాటిగడ్డ బోసిగా ఉంది. ఒక్క గోడ లేదు!

"అడుగంటా తవ్వుకుపోయారు," అన్నాడు.

చిన్నరాములు తెర మీదికి వంగాడు.

తవ్విందెవరు? తాత, నాయన, తను. చేలో జొన్న చారలు చారలుగా పాలిపోతోందని, ఏటా ఎండాకాలం ఆ మన్ను బండ్లతో తోలి ఎరువుగా పోశారు. ఎంత పోసినా చారలు పోలేదు.

ఆఫీసరు ఫోటోను పక్కకు జరిపాడు. కుర్చీలోంచి లేచాడు.

"ఈ జొన్నచేను ఎవరిది?"

పాలిపోయిన చారలు... పైనుంచి గళ్లు గళ్లుగా. గదులు. వీధులు. వేరు దిగని చోటల్లా కింద ఇటుక గోడ!

"ఊరు ఇక్కడుంది. కంచె వేయిస్తా. ఇక నాగలి పెట్టకూడదు."

"మరి పాటిగడ్డ సార్?"

"అందులో ఏం మిగిలిందని? ప్లాట్లు వేసుకోనీ."

చిన్నరాములు లాప్‌టాప్‌లోంచి కెమెరా మెమరీ కార్డు గుంజుకున్నాడు.

"కాపీ తీసుకున్నా," అన్నాడు ఆఫీసరు నింపాదిగా.

గుమ్మంలో నవ్వు. కామరాజు!

"ఉత్తగనే ఉరికిచ్చినవ్ గదనే రాములు. నా రోడ్డు ఇంకో దిక్కుకెల్లి ఏసుకుంట తియ్."

సాదుల్లా తల దించుకున్నాడు.

కామరాజు రోడ్డుకు అడిగింది పది గుంటలు.

ఫోటో తీసుకుపోయింది... రెండెకరాల పదకొండు గుంటలు.