స్విచ్చి మీద చెయ్యి పడితే ఊరుకోను

మా మావయ్య నరసింగరావు బతికినన్నాళ్లూ ఇంట్లో ఒకటే కేక. "ఫ్యానెయ్యే!" ముందుగదిలో కుర్చీలో కూచున్నా, లోపలి గదిలో మంచమ్మీద పడుకున్నా అదే. మా అత్త జోగమ్మ చేతిలో పని చేతిలో వదిలేసి పరిగెత్తేది. ఒక్క క్షణం ఆలస్యమైతే చెంప పగిలేది. "స్విచ్చి మీ తలపక్కనే ఉంది కదా, చెయ్యి చాపలేరేటి?" అని నేనొకసారి అడిగేశాను. అప్పట్నించి నాతో మాటలు మానేశాడు. నా ప్రాణం హాయిగా ఉండేది.

ఆయన చలికాలంలో పోయాడు. మే నెలాఖరులో తొమ్మిదిరోజుల నౌతపా ఎండలు మొదలయ్యేసరికి ముందుగదిలో ఫ్యాను బిగుసుకుపోయింది. ఈ ఎండల్లో భిలాయిలో ఫ్యాను లేకుండా బతకడమా! పవర్ హౌస్ మార్కెట్లో కరెంటు సామాన్ల కొట్టుకి ఫోన్ చేస్తే సత్యరాజు అనే ఆయన్ని పంపించారు. కాకినాడ వైపు మనిషట. స్టూలెక్కుతూనే నన్ను చెల్లెమ్మా అనేశాడు. కూతురు వెరోనికాకి రాయపూర్‌లో నర్సింగ్ సీటు వచ్చిందని సంబరంగా చెప్పాడు.

"మెయిన్ ఆపెయ్యనా అన్నయ్యా?" అన్నాను.

"వద్దమ్మా, పెద్దావిడ కూలర్ దగ్గరున్నారు కదా, ఉడికిపోతారు. ఈ స్విచ్చి ఒక్కటి ఆపితే చాలు. దాని మీద ఎవరి చెయ్యీ పడకుండా చూడు."

ఆపాను. ఆయన టెస్టర్ పెట్టి చూసుకుని, ఫ్యాను పైన గిన్నె కిందికి దించి, వైర్లు విప్పాడు.

అంతలో అంధడ్ దుమ్ముగాలి లేచింది. ఎర్రటి దుమ్ము కిటికీ అద్దాలకి పరుచుకుని, పట్టపగలే గది చీకటైపోయింది. తలుపులు టపటపా కొట్టుకున్నాయి. నేను ఫోన్ లైటు పైకి పట్టుకుని నిలబడ్డాను. వెలుగంతా ఫ్యాను మీద, సత్యరాజు చేతుల మీద. కింద నేల కూడా కనబడటం లేదు.

ముందు వాసన వచ్చింది. పళ్ళకి రాసుకునే గుడాఖు పొగాకు వాసన. మా ఇంట్లో ఆ అలవాటు మావయ్య ఒక్కడికే ఉండేది. ఆ డబ్బాలన్నీ నేనే చెత్తలో పారేశాను.

తరవాత లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"ఫ్యానెయ్యే..."

నేను గిరుక్కున అటు తిరిగాను. సత్యరాజు మాత్రం తల కూడా తిప్పలేదు. "అయిపోవచ్చింది బాబుగారూ! కొంచెం ఓర్చుకోండి!" అని మర్యాదగా జవాబిచ్చాడు. ఆయనకేం తెలుసు పాపం, ఈ ఇంట్లో బాబుగారు లేరని!

"ఫ్యానెయ్యే!"

వెనకగదిలోంచి మా అత్త వచ్చింది. నడుం నొప్పని పొద్దున్నించీ లేవని మనిషి పరిగెత్తుకొచ్చింది. కళ్ళు ఎటో ఉన్నాయి. చెయ్యి స్విచ్చి వైపు చాపి ఉంది.

పైన సత్యరాజు వేళ్ళ మధ్య ఊడిన వైరు. ఆ స్విచ్చి పడిందా... మనిషి దక్కడు.

ఒక్క గెంతులో వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ముసలిదానికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో! నన్ను ఈడ్చుకుపోతోంది.

"అత్తా, ఆగు! ఆయన చచ్చిపోతాడు!"

"వెయ్యాలే జోతీ... వెయ్యకపోతే కొడతాడే..." గుసగుసగా అంది. చిన్నపిల్లలా వణుకుతోంది.

నాకు ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్ళు మండిపోయింది. పోయాక కూడా ఇదేం పెత్తనం? స్విచ్చికి నా వీపు ఆనించి లోపలి గది వైపు తిరిగాను.

"వెయ్యం! ఏం చేస్తావు? ఈ ఇంట్లో ఇంక నీ కేకలు చెల్లవు. దమ్ముంటే వచ్చి నన్ను కొట్టు!"

మంచం మళ్ళీ కిర్రుమంది. అడుగులు... ఒకటి... ఇంకొకటి... గుమ్మం దాకా వచ్చి ఆగాయి. వాసన నా ముక్కుల్లోకి కొట్టింది. నేను కదల్లేదు.

అప్పుడు మా అత్త నోరు విప్పింది. గొంతు సన్నగా ఉంది, కానీ వణుకు లేదు.

"వెయ్యను."

జీవితంలో మొదటిసారి ఆయనతో ఆ మాట అంది. గుమ్మం దగ్గర అలికిడి ఆగిపోయింది. ఆవిణ్ణి గట్టిగా వాటేసుకోవాలనిపించింది.

"చెల్లెమ్మా, అయిపోయింది," పైనుంచి సత్యరాజు అన్నాడు. "వైర్లు కలిపేశాను. నా కాళ్ళు పట్టుకున్న ఆయన్ని వదలమను, దిగుతాను."

"ఎవరు పట్టుకున్నారు?"

"ఏమో. దుమ్ము లేచినప్పట్నించీ పట్టుకునే ఉన్నారు. స్టూలు ఊగుతోందని సాయం పట్టారేమో అనుకున్నాను." గొంతు తగ్గించాడు. "నొప్పెడుతోందమ్మా... కిందికి లాగుతున్నారు."

లైటు కిందికి తిప్పాను. స్టూలు పక్కన ఎవరూ లేరు. కానీ ఆయన ప్యాంటు చీలమండల దగ్గర గట్టిగా నొక్కుకుపోయి ఉంది.

స్టూలు ఒక పక్కకి ఒరగసాగింది. "ప్రభువా..." అంటూ సత్యరాజు ఫ్యాను రాడ్డు పట్టుకు వేలాడాడు. అత్తా నేనూ ఒకేసారి వెళ్ళి ఆ కాళ్ళ మీద పడ్డాం. నా అరచేతుల కింద... వేళ్ళు తగిలాయి. చల్లగా, తడిగా ఉన్నాయి.

"వదులు! మా ఇంటికి పని మీద వచ్చిన మనిషాయన! వదులుతావా లేదా?"

గోళ్ళు దిగేలా రక్కాను. పక్కన అత్త పళ్ళు కొరికి ఒక్కొక్క వేలూ విప్పుతోంది. ఒక కాలు ఊడింది. తరవాత రెండోది. సత్యరాజు దబ్బున కిందపడి, లేచి, సామాన్ల సంచీ కూడా తీసుకోకుండా ఆ దుమ్ములోకే పరిగెత్తాడు. కుంటుతున్నాడు, అయినా ప్రాణంతో ఉన్నాడు. అది చాలు నాకు.

"చూశావా అత్తా! చచ్చినా బుద్ధి మారలేదు మావయ్యకి!" రొప్పుతూ అన్నాను.

అత్త తన చేతుల్ని చూసుకుంటోంది.

"ఆ చేతులు ఆయనవి కావే, జోతీ. ఇన్నేళ్ళు దెబ్బలు తిన్నాను, నాకు తెలీదేటి?"

"మరెవరివి?"

లోపలి గది గుమ్మం వెనకనుంచి మావయ్య గొంతు వినిపించింది. ఈసారి కేక కాదు. ఊపిరి బిగబట్టి అడుగుతున్నాడు.

"జోగీ... ఆ కాళ్ళు పట్టినవాడు వెళ్ళిపోయాడేటే?"