మూడో హాలు, మూల సీటు

ఆ భవనంలో హాళ్ళు నాలుగు. ఒకటోది, రెండోది, నాలుగోది తమ మానాన తాము సినిమాలు వేసుకుంటూ ఉండేవి. మూడోదానికి మాత్రం పేరు చెడింది.

అది నేలమాళిగలో ఉంటుంది. ఇరవై రెండు మెట్లు దిగాలి. కిటికీ అన్నది లేదు. పైన ఎండ మండిపోతున్నా అక్కడ ఎప్పుడూ అర్ధరాత్రే. చివరి వరసలో, ఎడమ మూల, గోడనానుకుని ఒక సీటు ఉంది. మనిషి బరువు తీయగానే "టప్"మని పైకి ముడుచుకునే రకం. ఏటా ఎనిమిది రోజులు చలనచిత్రోత్సవం జరుగుతుంది. ఆ ఎనిమిది రోజుల్లోనే, ఆ మూల నుంచే, ఒక చప్పుడు వస్తుందని చెప్పుకునేవారు.

ఊపిరి... మనిషి ఊపిరే. కానీ మనిషి పీల్చేదానికన్నా లోతుగా. నూతి అడుగున ఎవరో బండరాయిని ఈడుస్తున్నట్టు మొదలయ్యేదట. సగంలో ఆగిపోయేదట. ఆగి... ఆగి... ఇక అయిపోయిందిలే అని గుండె కుదుటపడేసరికి, సన్నటి మూలుగుతో మళ్ళీ అందుకునేదట.

దానికో కారణం కూడా చెప్పేవారు. పూర్వం ఒక పెద్ద విమర్శకుడు ఆ సీట్లో సినిమా చూస్తూ చూస్తూనే కన్నుమూశారు. ఆట అయింది, దీపాలు వెలిగాయి, అందరూ లేచారు. ఆయన లేవలేదు. లోతుగా ఆలోచిస్తున్నారు గాబోలునని గౌరవం కొద్దీ ఎవరూ కదపలేదు. మరో ఆట కూడా నడిచింది. ముగింపు చూడకుండా పోయిన మనిషి కనుక... ముగింపుల కోసం వస్తుంటారని వాడుక.

సరిగ్గా ఆ సీట్లోనే పదకొండేళ్ళుగా కూర్చుంటున్నారు మాస్టారు.

ఆయన పూర్వాశ్రమంలో కళాశాలలో సాహిత్యం చెప్పారు. పదవీ విరమణ తర్వాత ఆదివారం పత్రికలో పరదేశాల సినిమాల మీద శీర్షిక రాస్తున్నారు. దెయ్యాలను ఆయన నమ్మరు. దెయ్యాల మాటకొస్తే, ఆయన చాలామంది దర్శకులనే నమ్మరు. రివ్యూల్లో అయిదు చుక్కలకు మూడు మించి ఎవరికీ ఇచ్చి ఎరగరు. ఆ మూల ఆయనకు నచ్చడానికి కారణం ఒక్కటే. దెయ్యం భయంతో చుట్టూ నాలుగు సీట్ల దాకా ఎవరూ కూర్చోరు. మోచేతులు చాపుకుని రాసుకోవచ్చు.

రాయడం అంటే చీకట్లో రాయడమే. తొడ మీద నోటు పుస్తకం, చూపు తెర మీద. ఒక పంక్తి మీదికి ఇంకో పంక్తి ఎక్కేది. మర్నాడు ఉదయం తన రాతను తానే శిలాశాసనంలా కూడబలుక్కుని చదువుకునేవారు. అర్థం కాని చోట గంభీరమైన వాక్యం ఒకటి వేసేవారు. పాఠకులు ఆ వాక్యాలనే ఎక్కువ మెచ్చుకునేవారు.

ఇంట్లో ఆయన గది వేరు, భార్య గది వేరు. దానికి ఆయన చెప్పే కారణం, ఆవిడ రాత్రి పొద్దుపోయేదాకా దీపం పెట్టుకుని చదువుతుందని. ఆవిడ చెప్పే కారణాన్ని ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఒప్పుకోలేదు. ఆధారం చూపించమనేవారు.

ఆ ఏడు ఉత్సవంలో రెండో రోజు, మధ్యాహ్నం రెండున్నర ఆట. ఎవరో అమ్మాయి తీసిన మొదటి సినిమా. వినికిడి పోయిన తల్లి, ఆమె కూతురు, ఒక వంటగది. అంతే కథ. ఆదివారం మాస్టారి రివ్యూ అచ్చయింది. చరిత్రలో మొదటిసారి నాలుగు చుక్కలు. చివరి పేరా ఇదీ:

"ముగింపులో దర్శకురాలు మాటను, సంగీతాన్ని విడిచిపెట్టి ఒకే ఒక ఊపిరిని వినిపించింది. అది తల్లిదా, ఆ ఇంటిదా, కాలానిదా? ఆ ఊపిరే ఈ సినిమాకు ప్రాణం."

ఆ ఆట చూసిన మరో ఇద్దరు విమర్శకులు కూడా ఆ ఊపిరిని తామూ విన్నామని, గట్టిగానే విన్నామని తమ తమ పత్రికల్లో రాశారు.

సోమవారం ఉదయం ఆ అమ్మాయి మాస్టారి ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. వాళ్ళమ్మ రివ్యూ కత్తిరించి దాచుకుందని చెప్పింది. తాను ఆ రోజు భయంతో హాలు బయటే మెట్ల మీద కూర్చుందట. లోపల ఏం జరిగిందో చూడలేదట. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"కానీ ఆ చప్పుడు నా సినిమాలో లేదండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది తుడవవలసిన అవసరమేమీ లేదు.

ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మకు నలభయ్యో ఏట వినికిడి పోయింది. చివరి పద్దెనిమిది నిమిషాలూ వాళ్ళమ్మకు వినిపించేదే వినిపించాలి. అంటే, ఏమీ వినిపించకూడదు. అందుకోసం ఫ్యాను రొద, గోడల రొద కూడా వదలకుండా తీసేయించింది. నాలుగేళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ రివ్యూ చదివి ఒక పంపిణీదారుడు ముందుకొచ్చాడు. గురువారం ఆ సినిమా మళ్ళీ వేస్తున్నారు, ఆ ఆటకు వస్తానన్నాడు. ఆ ఊపిరి ఉంటేనే సినిమా తీసుకుంటానన్నాడు. పెట్టుబడి పెట్టిన బాబాయి, ఒక్క పూట పని, కలిపి పారేయమంటున్నాడు.

"కలిపితే అది మా అమ్మది కాదండి. మీరు నిజంగా విన్నారంటే నా కాపీలోనే ఏదో లోపం ఉన్నట్టు. వెతికి తీసేస్తాను. లేదంటే..."

ఆ తర్వాతి మాట ఆమె అనలేదు. పెద్దవాళ్ళ ఇంట్లో అనదగిన మాట కాదు.

"నేను విననిది రాయనమ్మా" అన్నారు మాస్టారు.

ఆమె వెళ్ళాక నోటు పుస్తకం తీశారు. ఆ రోజు పుటలో చివర నాలుగే మాటలు, ఏటవాలుగా, పుట దాటి ఒళ్ళోకి జారిపోతున్నట్టు... "ఊపిరి — లోతు — ఎవరిది? — అద్భుతం."

తన రాతే. విన్నారు. చెవులారా విన్నారు. అయితే అది సినిమాలో లేదు. మరి... ఎక్కడిది?

మంగళవారం ఆటకూ ఆటకూ మధ్య ఆయన మూడో హాలు మెట్లు దిగారు. అక్కడ టార్చి పట్టుకుని సీట్లు చూపించే మనిషి ఉంటాడు. అందరూ అతన్ని టార్చి అనే పిలుస్తారు. మాస్టారు గొంతు తగ్గించి, ఎవరికో సంబంధించిన విషయంలా అడిగారు. టార్చి అటూ ఇటూ చూశాడు.

"మీకూ వినపడిందా మాస్టారూ? పదకొండేళ్ళుగా మీ పక్కనే వస్తుంటే మీరొక్కరే చలించకుండా కూర్చునేవారు. ఎంత గుండె ధైర్యమో అనుకునేవాణ్ణి."

మాస్టారికి ఒళ్ళు జలదరించింది. పక్కనే... పదకొండేళ్ళుగా.

టార్చి దెయ్యం అలవాట్లన్నీ వరసగా చెప్పాడు. రాత్రి ఆటలకు రాదు. భోజనాలైన తర్వాతి ఆటకే వస్తుంది. తుపాకులు పేలే సినిమాలంటే దానికి పడదు. గొర్రెలు కొండ దిగడం పావుగంట చూపించే సినిమాలంటే ప్రాణం. చప్పట్లు మొదలవగానే మాయం. మాస్టారికి కంటి ఆపరేషన్ అయిన ఏడు మాత్రం, ఆ ఎనిమిది రోజులూ హాలు నిశ్శబ్దంగా ఉంది.

ఆ చివరి సంగతి మాస్టారు ప్రత్యేకంగా రాసుకున్నారు. ప్రేక్షకుడు లేని చోటికి ప్రేతం కూడా రాదు కాబోలునని ఒక సిద్ధాంతం కూడా చేశారు.

చప్పుడు వచ్చినప్పుడే వెలుగు వేసి చూడలేకపోయావా అని అడిగారు. టార్చి నొచ్చుకున్నాడు. రివ్యూ రాసేవారి వరస మీద వెలుగు పడకూడదని కదా నియమం. ఆ నియమం పెట్టించింది మాస్టారే. పదకొండేళ్ళ క్రితం రెండు పుటల ఫిర్యాదు రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు.

"చూడలేదు కానీ, ఈసారి పట్టాను" అన్నాడు టార్చి గుసగుసగా. ఆ అమ్మాయి సినిమా ఆడుతున్నప్పుడు ఫోను రికార్డులో పెట్టి వరస చివర నేల మీద ఉంచాడట. మేనేజరుకు వినిపించి, తనను ఒకటో హాలుకు మార్చమని వేడుకుందామని. తీరా తనకే మొత్తం వినే ధైర్యం చాలలేదట. దాన్ని మాస్టారి ఫోనుకు పంపించాడు. పంపించగానే తన ఫోనులోంచి చెరిపేశాడు.

ఆ రాత్రి... పదకొండు దాటింది. పక్క గదిలో దీపం ఆరిపోయింది. వీధిలో అలికిడి లేదు.

మాస్టారు మంచం మీద గోడకానుకుని కూర్చున్నారు. అరచేతిలో ఫోను. వేలు రెండుసార్లు దాకా వెళ్ళి వెనక్కు వచ్చింది. అది చూపు ఆనక జరిగిందని ఆయన తీర్మానించుకున్నారు.

నొక్కారు.

ముందు ఏమీ లేదు. ఖాళీ. ఎవరో దగ్గారు. మళ్ళీ ఖాళీ...

తర్వాత, వచ్చింది.

నూతి అడుగున బండరాయి కదిలింది. ఈడ్చుకుంటూ... ఈడ్చుకుంటూ పైకి వచ్చింది. సగంలో ఆగింది. మాస్టారి ఊపిరీ ఆగింది. గదిలో చీకటి ఒక అడుగు ముందుకు జరిగినట్టనిపించింది. ఆ సీట్లో పోయిన పెద్దమనిషి గుర్తుకొచ్చారు. ఆయన చూడని ముగింపులు... ఇన్నేళ్ళూ ఆయన ఒళ్ళో కూర్చుని...

సన్నటి మూలుగు. మళ్ళీ మొదలు. ఈసారి ఇంకా దగ్గరగా, ఇంకా గట్టిగా.

ఠక్... ఠక్.

గోడ మీద. వీపు వెనకనుంచే. ఎవరో కొట్టారు.

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. గోడ అవతలినుంచి ఒక గొంతు, నిద్రమత్తుగా, విసుగ్గా, ముప్ఫై ఏళ్ళ అలవాటుతో...

"మళ్ళీ మొదలైందా... పక్కకి తిరిగి పడుకోండి."

మాస్టారు పడుకుని లేరు. నిటారుగా కూర్చుని ఉన్నారు. కళ్ళు రెండూ తెరుచుకునే ఉన్నాయి.

అరచేతిలో ఫోను గురక పెడుతూనే ఉంది.

ఆయన దాన్ని కట్టేశారు. పుటలోని ఆ నాలుగు మాటలూ సగం నిద్రలో, తన గురక తానే విని గీసుకున్నవి. పదకొండేళ్ళు. ఏడాదికి ఎనిమిది మధ్యాహ్నాలు. ఎన్ని ముగింపులను తాను నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడారో, ఎంతమందికి "చివర్లో పట్టు సడలింది" అని రాశారో లెక్కకు అందలేదు. సడలినది ఎవరి పట్టో ఇప్పుడు తెలిసింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. దెయ్యం ఉండనే ఉంది. హాలంతా సాక్ష్యం. పత్రికలో తన మాట చెల్లుతుంది. ఆ అమ్మాయి ఒక్క పూట కూర్చుని ఊపిరి కలుపుతుంది. కలిపేది ఎవరి ఊపిరి? వాళ్ళమ్మ వినే నిశ్శబ్దంలో తన గురక శాశ్వతంగా ఉండిపోతుంది. దేశదేశాలూ తిరుగుతుంది.

మాస్టారు లేచి బల్ల దగ్గరికి వెళ్ళారు. అయిదు వాక్యాలు రాయడానికి తెల్లవారింది. అది గురువారం ఉదయం పత్రికలో, ఆయన పేరుతోనే వచ్చింది.

"గత ఆదివారం నేను పొగిడిన ఊపిరి ఆ చిత్రంలో లేదు. అది నా గురక. చివరి పద్దెనిమిది నిమిషాలూ నేను నిద్రపోయాను. నాలుగు చుక్కలూ వెనక్కు తీసుకుంటున్నాను, ఎందుకంటే చూడని చిత్రానికి చుక్కలిచ్చే హక్కు నాకు లేదు. ఈ మధ్యాహ్నం మళ్ళీ చూస్తాను, నిలబడి."

భార్య ఆ పుట రెండుసార్లు చదివింది. మడిచి బల్ల మీద పెట్టింది.

"ముప్ఫై ఏళ్ళు ఆధారం అడిగారు" అంది. "చివరికి మీరే అచ్చు వేయించారు."

మధ్యాహ్నం మూడో హాలు క్రిక్కిరిసిపోయింది. సగం మంది సినిమా కోసం, సగం మంది మాస్టారి కోసం. మూల సీటు ఒక్కటే ఖాళీ. పాత భయమో, కొత్త వేళాకోళమో, దాని జోలికి ఎవరూ పోలేదు. మాస్టారు భోజనం మానేసి వచ్చి, తలుపు పక్కన గోడకు ఆనకుండా నిలబడ్డారు. టార్చి పది నిమిషాలకోసారి ఆయన మొహం మీద వెలుగు వేసి చూస్తూ వచ్చాడు. నియమం ఆయనే రద్దు చేశారు మరి.

చివరి పద్దెనిమిది నిమిషాలు మొదలయ్యాయి.

చప్పుడు లేదు. పళ్ళెం జారి పడింది, చప్పుడు లేదు. కూతురు వెనకనుంచి పిలిచింది, చప్పుడు లేదు. తల్లి తిరగలేదు. హాల్లో దగ్గు వచ్చినవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆఖరున తల్లి తిరిగింది. పిలుపు విని కాదు; కూతురి నీడ గోడ మీద పడింది కనుక.

మాస్టారు తెర మీదినుంచి చూపు దింపారు. మొదటి వరసలో ఆ అమ్మాయి తల్లి వెనక్కు తిరిగి జనం మొహాలు చూస్తోంది. తనకు వినిపించేదే ఇంతమందికీ ఒక్కసారే వినిపించడం ఆమె జీవితంలో అదే మొదలు.

దీపాలు వెలిగాయి. పంపిణీదారుడు లేచి, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి రెండే మాటలన్నాడు. "ఏమీ కలపొద్దు."

జనం మెట్లెక్కి వెళ్ళిపోయారు. హాల్లో మాస్టారు, టార్చి మిగిలారు. దెయ్యం పీడ విరగడైందని టార్చి నవ్వబోయాడు.

టప్.

చివరి వరస. ఎడమ మూల. సీటు అప్పుడే పైకి ముడుచుకుని, ఇంకా సన్నగా ఊగుతోంది.

టార్చి వెలుగు అక్కడికి వెళ్ళింది. ఎవరూ లేరు.

"మాస్టారూ..." టార్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మీరు... ఇక్కడే ఉన్నారు కదా?"

"ఇక్కడే ఉన్నాను."

"ఆట మొత్తం?"

"ఆట మొత్తం."

ఇద్దరూ ఇరవై రెండు మెట్లూ ఎలా ఎక్కారో ఇద్దరికీ జ్ఞాపకం లేదట.

ఆ రాత్రే మాస్టారు రివ్యూ తిరగ రాశారు. పళ్ళెం రాశారు, నీడ రాశారు, నాలుగు చుక్కలూ మళ్ళీ ఇచ్చారు. మూల సీటు సంగతి మాత్రం రాయలేదు. ఎవరో ముగింపు దాకా కూర్చుని, చూసి, తీరిగ్గా లేచి వెళ్ళారని ఆయనకు తెలుసు. రాస్తే ఊరు ఏమంటుందో కూడా తెలుసు.

మాస్టారు మళ్ళీ నిద్రపోయారంటుంది.