పడుకున్న మనిషికి కొలతలు

నైట్ షిఫ్టు దిగి, ఓవర్‌టైం ఉన్నా ఎనిమిదికల్లా వచ్చే కొడుకు ఆ పొద్దున తొమ్మిదైనా ఇంటికి రాలేదు. సారవ్వ ప్రాణం ముందు బొగ్గుబావిలోకి దిగి వెతికింది. తర్వాత రోడ్డు మీద లారీల కింద వెతికింది. ఫోన్ స్విచ్ఛాఫ్.

"మీ శివ బండి ఆ కుర్చీల పిల్ల షెడ్డు ముంగట ఉన్నది" అని పక్కింటి ఐలవ్వ చెప్పింది.

కుర్చీల పిల్ల అంటే దీప. హైదరాబాద్‌లో ఫర్నిచర్ డిజైన్ చదివి, గోదావరిఖనికి తిరిగొచ్చి సొంతంగా రేకుల షెడ్డు పెట్టుకుంది.

సారవ్వ కొంగు నెత్తిన కప్పుకుని వానలో ఉరికింది. ఓరగా ఉన్న తలుపు తోసి, అక్కడే కొయ్యబారిపోయింది.

చెక్క పలకల మీద శివ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి. చేతులు ఛాతీ మీద. చెవి సందున పెన్సిల్ పెట్టుకున్న దీప అతణ్ణి తల నుంచి మడమ దాకా టేపుతో కొలుస్తోంది.

పడుకున్న మనిషిని అట్లా కొలిచేది పాడె కట్టే ముందే. సారవ్వకు వాళ్ళవ్వ చెప్పిన మాట అది.

"అయ్యో నా కొడుకా!"

ఆ కేకకు శవం ఎగిరి కూర్చుంది. దీప చేతిలోని టేపు సర్రున చుట్టుకుపోయింది.

"అమ్మా! ఏమైంది? బాపు మంచిగున్నడా?"

"నువ్వు... నువ్వు బతికే ఉన్నవారా?" సారవ్వ కొడుకు ముఖమంతా తడిమి చూసి, వీపు మీద ఒక్కటిచ్చింది. "మూడు నెలల సంది ఓవర్‌టైం అన్నవ్ గదరా! గిదా నీ ఓవర్‌టైం?"

"గిది గూడ డ్యూటీనేనే. నిద్ర డ్యూటీ."

"నోర్ముయ్! ఏం పిల్లా, పానమున్న మనిషికి గీ కొలతలేంది? నీ ఇంట్ల శకునం చెప్పేటోళ్ళు లేరా?"

దీప టేపును వెనక దాచుకుంది. "తప్పయిందమ్మా. మెలకువతోటి ఉంటే మనిషి బిగుసుకుంటడు. బావిల పనిచేసినోళ్ళ నడుం నిద్రపోయినంకనే నిజం చెప్తది."

"నడుం చెప్తదా! నడువ్‌రా ఇంటికి. మళ్ళ ఈ గడప తొక్కితే చూడు."

శివ కదల్లేదు. దీప మాత్రం గోడవైపు చూపించింది. దాని మీద సుద్దతో గీసిన వంకర గీత ఒకటి ఉంది.

"అది బావిల పనిచేసి వంగిన మా బాపు వీపమ్మా. కాలేజీల మస్తు సక్కని కుర్చీలు గీసిన. ఒకటి చేయించి తెచ్చి, కూసో బాపూ అన్న. దాని పక్కన నేల మీద, గోడకు ఆనుకొని కూసున్నడు. ఆ రోజు శానా ఏడ్సిన. తెల్లారి ఆయన వీపెనక గీత గీసుకున్న. ఆ మూలకున్న కుర్చీ ఆ గీత నుంచే పుట్టింది. బావిలోళ్ళందరికి సరిపడాలెనని శివను కొలుస్తున్న."

సారవ్వ కోపం అక్కడే తడబడింది. ఆమె పెనిమిటి రాయమల్లూ అంతే. బావి నుంచి రిటైరైనప్పుడు కొన్న సోఫా కవరు కూడా విప్పలేదు. ఆయన గోడ వదలడు.

"మరి కొలతలు ఎప్పుడు అయిపోతయి?" అంది కాస్త తగ్గి.

దీప తల వంచుకుంది. "ఐదు దినాలల్లనే అయిపోయినయమ్మా."

ఈసారి కొయ్యబారిపోవడం శివ వంతు. "అయిపోయినయా? ఇంకో కొలత, ఇంకో కొలత అని రోజూ పిలిస్తివి గద!"

"నువ్వు రావుడు బంద్ పెడ్తవేమోనని..."

రేకుల మీద వాన ఒక్కసారిగా పెద్దదైంది. శివ మెడ గోక్కున్నాడు.

"మరి నేను గూడ ఒకటి చెప్పాలె. మొదటి ఐదు దినాలే నిజంగ నిద్రపోయిన."

"తర్వాత?"

"కండ్లు మూసుకొని పండుకున్నంతే. నువ్వు దగ్గరికొస్తే నిద్రెట్ల పడ్తది?"

దీప చెవులు ఎర్రబడ్డాయి. బావి కూలలేదు, లారీ గుద్దలేదు. కళ్ళ ముందు కొడుకు ప్రేమలో పడిపోతే, తను పాడె అనుకుంది!

ఆమె మెల్లగా పోయి, మూలనున్న కుర్చీలో భయంభయంగా కూర్చుంది. వెన్ను ఆనించింది. ముప్పై ఏళ్ళుగా ఎక్కడా ఆగని నడుం అక్కడ ఆగింది.

"నాకు జర ఎత్తయితున్నది. నన్ను గూడ కొలువు," అంది. "కూసున్నప్పుడే. పండుకున్నప్పుడు టేపు పట్టినవో, ఇరగ్గొడ్త!"

దీప టేపు తీసుకుని ఆమె పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మడమ మీద చెయ్యి వేసింది. చాలాసేపు తీయలేదు.

"కొలుస్తున్నవా, మొక్కుతున్నవా?"

"రెండూనమ్మా."

సారవ్వ తడిచెయ్యి ఆ పిల్ల తల మీదికి వెళ్ళింది. "పెండ్లి మాట ముందుగాల మీ బాపును అడగాలె," అంది. "ఆయన ఒప్పుకోకపోతే ఎట్లనే?"