కర్పూరం మీద ఒట్టు

పంచాయతీ ఎన్నికల పొద్దున్న దుర్గాభవాని అరుగు మీద కూతురు అర్చనకు జడ వేస్తోంది. రాజాం దగ్గర ఆ ఊళ్ళో సర్పంచి పదవికి నిలబడింది తనే. లోపల కంగారున్నా పిల్ల జడ మాత్రం వంకరపోలేదు. అత్తగారు లక్ష్మణమ్మే తేడాగా ఉంది. చద్దన్నం ముట్టలేదు, టీ ముట్టలేదు.

"ఏటత్తా, ఒంట్లో బాగులేదా?"

"నాను నీకు ఓటెయ్యలేనే భవానీ!" లక్ష్మణమ్మ కొంగులో ముఖం దాచుకుంది. "నిన్న ఆశ్రమం సామి మన ఈది ఆడోళ్ళందరి సేతా కర్పూరం ఆర్పించీసినారు. అప్పలసూరికే ఎయ్యాలంట. తప్పితే ఇంట్లో పిల్లలకి ఆపదంట."

వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఇచ్చిన మాటంటే ఆ పల్లెల్లో ఆషామాషీ కాదు. గెలిస్తే ఊరి పశువులు మేసే బీడు ఆ స్వామి ఆశ్రమానికి ఇప్పిస్తానని, పోటీగా నిలబడ్డ అప్పలసూరి ఎప్పుడో మాటిచ్చాడు. ఆ బీడును కాపాడాలనే కదా భవాని నిలబడింది!

"సొంత అత్తే ఎయ్యకపోతే ఊరేటనుకుంటాది?"

"ఆ ఒట్టు అర్చన మీద పడతాదే! నానేటి సెయ్యనే?"

ఇంతలో స్వామి పిలవని పేరంటంలా గుమ్మంలోకి వచ్చారు. "లక్ష్మణమ్మా, మాట గుర్తుందిగా?" అంటూ అర్చన వైపు చూసి చిన్నగా నవ్వారు. "పిల్ల జాగ్రత్త."

అంతే! అప్పటిదాకా వణికిపోయిన మనిషి చివాలున లేచింది.

"ఏటి సామీ, మరోపాలి అనండి! ఈ పిల్లకి అమ్మోరు పోసినప్పుడు వేపమండ అట్టుకుని పక్కన కూకున్నది నా కోడలు. మీరు ఈ గుమ్మం తొక్కినారేటి? పసిదానికి ఆపద రావాలని దేవుడు కోరుకుంటాడేటి? ఒట్టు తీసి గట్టు మీదెట్టినాను, ఎల్లండి!"

స్వామి వెనకడుగు వేసి గుమ్మం దిగారు. లక్ష్మణమ్మ ఆగితేగా! నేరుగా వీధిలోకి నడిచి, ఓటుకు బయల్దేరి బిక్కుబిక్కుమంటున్న ఆడవాళ్ళ ముందు నిలబడింది.

"ఒలమ్మా, ఇనండి! ఒట్టు తప్పిన పాపమేటైనా ఉంటే నా నెత్తినెట్టీయండి. మీ పిల్లల జోలికి రాదు. మీ మనసుకి నచ్చినోళ్ళకే ఏసుకోండి!"

పక్కింటి తవిటమ్మ బావురుమని ఏడ్చింది. ఆనక కళ్ళు తుడుచుకుని, "మరి సూస్తారేటి, పదండే!" అని అందరికన్నా ముందు నడిచింది.

సాయంత్రం లెక్కింపు పూర్తయ్యేసరికి డప్పులు మోగాయి. భవాని గెలిచింది! మెడలో దండతోనే వచ్చి అత్త కాళ్ళ మీద పడింది. లక్ష్మణమ్మ కళ్ళనీళ్ళతోనే ఆమెను లేవనెత్తి, కర్పూరం వెలిగించి దిష్టి తీసింది.

"ఆర్పీయనా మామ్మా?" అంటూ అర్చన చెయ్యి చాపింది.

"వద్దే అమ్మా! ఈయేల్టి నుంచి మనింట్లో కర్పూరం ఎవులూ ఆర్పకూడదు. దానంతటదే కొండెక్కాల."