మట్టిలో కలవని సంచి

పొద్దున్నే బాల్కనీలో కూర్చుని ఆ ఇల్లాలు వాడిపోయిన గులాబీ మొక్కను కుండీలోంచి పెకలించింది. వేళ్లకు చుట్టుకుని ప్లాస్టిక్‌లాంటి సంచి ముక్కలు వచ్చాయి. ఎరువవుతుందని కిందటేడు తనే చింపి మట్టిలో కలిపినవి. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, మొగుడి కంపెనీ సంచులంటే ఆవిడకు అంత నమ్మకం. ఒక్క ముక్కా కరగలేదు. వాటిమీది ఆకు బొమ్మ మొక్కకన్నా పచ్చగా ఉంది.

"ఏమండీ, ఇది చూశారా? మట్టిలో కలిసిపోతుందన్నారుగా! మీ మాట నమ్మి పక్కింటావిడ చేత కూడా వేయించాను."

ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ విననట్టే ఉన్నాడు. ఆ కంపెనీ ప్రయోగశాలకు ఆయనే పెద్ద. "మట్టిలో కలిసిపోతుంది" అని సంచిమీద అచ్చు వేయడానికి ఒప్పుకున్నదీ ఆయనే. అది జనాన్ని మోసం చేయడమేనని వినియోగదారుల సంఘం కేసు వేసింది. ఈ రోజు కోర్టులో కంపెనీ తరఫు సాక్షి ఆయన. సంఘం లాయరు దగ్గర జూనియరు ఆయన కూతురు. కేసు మొదలైనప్పటినుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

కూతురు నల్లకోటు చేతిమీద వేసుకుని వచ్చింది.

"మట్టిలో పరీక్షించామనే చెప్తావా నాన్నా?"

"కంపెనీవాళ్లు అలాగే చెప్పమన్నారు."

"పరీక్షించారా మరి?"

"వేడి యంత్రంలో పెట్టాం. పొడిపొడి అయింది. అబద్ధమేముంది?"

"అంత వేడి ఎవరి కుండీలో ఉంటుంది? ఆ మాట సంచిమీద ఎందుకు రాయలేదు?"

"రాస్తే ఎవరు కొంటారే?" నోరు జారాడు. ఆ ఉక్రోషమంతా కూతురిమీదికి మళ్లింది. "నిజం చెబితే రేపు నా ఉద్యోగం ఉండదు. నీ లాయరు చదువు ఈ జీతంతోనే అయింది. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

కూతురి మొహం పాలిపోయింది. మట్టిచేతులతోనే తల్లి లోపలికొచ్చింది.

"దాన్నెందుకు అంటారు? ఇన్నేళ్లూ మీరు చెప్పిందే వేదమనుకున్నాను. ఇంకేమేం అబద్ధాలు నమ్మానో నాకెలా తెలుస్తుందండీ?"

ఉద్యోగం పోతుందన్న భయం ఆ ప్రశ్న ముందు చిన్నదైపోయింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కూతురివైపు తిరిగాడు.

"నీ తండ్రినని మొహమాటపడొద్దని మీ సీనియరుకి చెప్పమ్మా. నేను పిరికివాణ్ణి, తప్పించుకోబోతాను. ఆ యంత్రం సంగతి చెప్పేదాకా వదలొద్దను."

కూతురు ఆయన ముందు మోకాళ్లమీద కూర్చుంది. కళ్లనిండా నీళ్లు.

"అడక్కముందే నువ్వే చెప్పు నాన్నా."

"చెప్తాను" అన్నాడాయన, భార్యవైపు చూస్తూ.